నూనె తాగే భూతం

పోయిన వారం నన్నెక్కడ నిలబెట్టి పుస్తకం మూసేశారో మీకు గుర్తుందో లేదో గాని, నిలబడ్డదాన్ని నాకు మాత్రం బాగా గుర్తుందండి. ఒక కాలు ఇంజను కొట్టు గడప లోపల, ఒక కాలు బయట. చేతిలో చేపలు కోసే కత్తి. నడినెత్తిన సూర్యుడు. లోపల చీకట్లోంచి ఎవరో తుమ్మేరు.

కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు రత్తమ్మ. రాజమండ్రి దగ్గర గోదారి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. కొవ్వూరుకి ఎగువన, గోదారి ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ పేట మాది. పోయినేడు వరదకి పేట పేటంతా ఊడ్చుకుపోయింది. మళ్ళీ తాటాకు పాకలు వేసుకున్నాం గాని, అవి గాలివానకే ఆగవు, గోదారికి ఆగుతాయా? ఇంతలో ఆషాఢం వచ్చింది, ఎర్రనీళ్ళు దిగేయి. నా కూతురు తలుపులమ్మకి నెలలు నిండేయి. దాన్ని ఏ పాకలో పురుడు పొయ్యాలో తెలియక నాకు తిండి సయించడం మానేసింది.

వరదకి అందనంత ఎత్తులో, రాతి అరుగు మీద, ఇనప రేకుల కప్పుతో నిలబడి ఉన్నది ఒక్క ఇంజను కొట్టే. నేను చిన్నదాన్నై ఉన్నప్పుడు ఎవరో దొర చెరుకు తోటలు పెట్టి, వాటికి గోదారి నీళ్ళు తోడడానికి ఆవిరి ఇంజను తెప్పించి అందులో బిగించేడు. తోటలు కలిసిరాలేదు. దొర వెళ్ళిపోయేడు. ఇంజను మిగిలిపోయింది. దాంట్లో భూతం చేరిందని మా కులపెద్ద ముసలయ్య కట్టు పెట్టేడు. ఎవరు గడప దాటినా వెలి. నిప్పివ్వరు, నీళ్ళివ్వరు, పలకరించరు.

ఆ ముసలయ్య నాకు పరాయివాడేం కాదు, మా అక్క చిట్టెమ్మ మొగుడు. కట్టు తీసెయ్యి బావా, పేటంతా అందులో తలదాచుకుంటాం అని కాళ్ళావేళ్ళా పడ్డాను. "నేను తీస్తానే రత్తమ్మా, భూతం ఒప్పుకోవద్దూ?" అన్నాడు. సరే, ఆ భూతాన్నే అడిగొస్తానని మీసం లేకపోయినా మెలేసి బయల్దేరేను. అదీ సంగతి. ఇహ తుమ్ము దగ్గరికి వద్దాం.

గడప మీద తుమ్ము వినబడితే వెనక్కొచ్చి కాసేపు కూచుని, కాసిని మంచినీళ్ళు తాగి బయల్దేరమని మా అమ్మ నేర్పింది. నిజమే. కానీ తుమ్మింది మనిషైతే కదా శకునం! భూతం తుమ్మితే ఏం చెయ్యాలో మా అమ్మే కాదు, ఎవరూ చెప్పలేదు. పైగా నాకో సందేహం వచ్చింది. భూతానికి జలుబు చేస్తుందా?

ఆ సందేహం వెనకాలే ఇంకోటి. ఇనుము చేతిలో ఉంటే దెయ్యాలు దగ్గరికి రావంటారు, అందుకేగా నేను కత్తి పట్టుకొచ్చింది. మరి నిలువెల్లా ఇనుమే ఉన్న కొట్టులో భూతం ఇన్నేళ్ళుగా ఎలా కాపురం చేస్తోంది? ఇంత చిన్న ముక్క పేటలో ఒక్కడికీ తట్టలేదే! నాకూ తట్టలేదనుకోండి, అప్పటిదాకా. రెండో కాలు కూడా లోపల పెట్టేసేను.

కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా గోడకి ఆనుకుని నిలబడ్డాను. రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నటి తాళ్ళలా దిగుతోంది. దూలాల మీద గబ్బిలాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మెల్లిగా ఒక్కొక్కటే కనబడ్డం మొదలెట్టింది. ముందు, అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనప పీపా. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా కౌగిలికి అందదు. దాని కింద పొయ్యి నోరు, నేను వంగి దూరగలిగేంత. దాని పక్కన చక్రం. అబ్బో, ఏం చక్రమండీ అది! సగం గోతిలోకి దిగిపోయి ఉంది, పైకున్న సగమే నాకంటే రెండింతలు. అక్కణ్ణుంచి లావుపాటి గొట్టం నేల తొలుచుకుని గోదారిలోకి దిగిపోయింది. చెవి ఒగ్గితే అడుగున నీళ్ళు గుడగుడలాడుతున్నాయి. మా పిల్లలు అర్ధరాత్రి విని ఉలిక్కిపడే భూతం మూలుగు ఇదేనని తెలిసేసరికి ఒక పక్క నవ్వు, ఒక పక్క ఒళ్ళుమంట.

అప్పుడు చూసేనండి నేల. శుభ్రంగా ఊడ్చి ఉంది. చీపురు గీతలు కూడా కనబడుతున్నాయి. గబ్బిలాలు ఇన్నేళ్ళు కాపురమున్న చోట పెంట మోకాలెత్తు ఉండాలా వద్దా? ఇత్తడి పిడులు తళతళా మెరుస్తున్నాయి. చక్రం మీద చెయ్యి వేసేను. తుప్పు లేదు సరికదా, వేలికి జిడ్డు అంటింది. వాసన చూసేను. చేప నూనె!

పొద్దుటి నుంచి రాత్రి దాకా చేపల్తో బతికేదాన్ని, నాకు తెలియదూ ఆ వాసన? ఏటేటా వరదకి ముందు పడవ చెక్కలకి పూసుకోవడానికి మా ఆడవాళ్ళం పొయ్యి దగ్గర మాడి మసై కాచుకునే నూనె అది. గంగమ్మ జాతర నాడు ఇంటికో ముంత చొప్పున ఇంజను భూతం వాటా అని తెచ్చి ఈ గడప బయట పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతాం. పొద్దున్నకల్లా ముంతలన్నీ ఖాళీ. "అమ్మయ్య, భూతం తాగింది, ఈ ఏడు మన జోలికి రాదు" అని దణ్ణాలు పెట్టుకుంటాం. ఒక ఏడు మా ఇంట్లో నూనె తక్కువైతే, పడవకి పూత మానేసి మరీ భూతానికి పోసేం. ఆ ఏడు మా పడవ అడుగు చివికిపోయింది.

చక్రం అవతల మళ్ళీ తుమ్ము.

"ఎవడ్రా అది? బయటికి రా! వస్తావా, కత్తి విసరనా?" అని గట్టిగా అరిచేను. గట్టిగా అరిచేనన్నాను గాని, సగం దాకా వచ్చి గొంతు పీలగా అయిపోయింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

గోతిలోంచి ముందు నెరిసిన జుట్టుముడి లేచింది. తర్వాత నుదురు, మసి మరకల్తో. తర్వాత మా బావ ముసలయ్య. నడుముకి గోచీ, చేతిలో నూనె గుడ్డ. దొంగకి తేలు కుట్టినట్టు నోరు తెరిచి అలాగే ఉండిపోయేడు.

"నువ్వా బావా!"

"గట్టిగా అరవకే," అన్నాడు మెల్లిగా. "గబ్బిలాలు లేస్తాయి."

అంతే నాకెక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "గబ్బిలాలా? గబ్బిలాల మీదున్న జాలి మా మీద లేదా నీకు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నేళ్ళూ మా నూనె తాగింది నువ్వన్నమాట! పేటంతటికీ పెద్దవని నిన్ను నమ్మేం కదయ్యా. కంచే చేను మేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?"

"నేను తాగలేదే. చుక్క ఇంటికి తీసుకెళ్ళలేదు. ఒట్టు. అంతా దీనికే," అని చక్రాన్ని చేత్తో తట్టేడు. ఎద్దు వీపు తట్టినట్టు తట్టేడు.

గోతిలోంచి ఎక్కి అంచున కూచున్నాడు. తర్వాత చెప్పేడు.

దొర ఉన్న రోజుల్లో మా బావ ఆ పొయ్యిలో కట్టెలు వేసేవాడట. మా పేటలో వల పట్టకుండా కూలి తెచ్చిన మొదటివాడు ఆయనే, ఆ మాట నేనూ విన్నాను. మొదటి రోజు ఆవిరి పట్టి చక్రం కదిలినప్పుడు అరుగంతా అదిరిందట, గోదారి గొట్టంలోంచి లేచి కాలవలో పడిందట. "నీళ్ళు పల్లమెరుగు అంటారే, నా చేత్తో వేసిన కట్టెకి నీళ్ళు మిట్టెక్కేయే రత్తమ్మా! ఆ సంతోషం నీకెలా చెప్పను? పెళ్ళి నాడు కూడా అంత సంతోషపడలేదు, మీ అక్కకి చెప్పకు." దొర వెళ్ళిపోతూ, తుప్పు పట్టనివ్వకు ముసలయ్యా, మళ్ళీ వస్తాను అన్నాడట.

"వచ్చేడా?"

"రాలేదు."

"వస్తాడా?"

"రాడని నాకూ తెలుసులే. కానీ దీన్ని అలా వదిలెయ్యడానికి మనసొప్పలేదు. ఊళ్ళోవాళ్ళకి తెలిస్తే ఇత్తడి ఒకడు పీకుతాడు, మరలు ఒకడు పీకుతాడు. అందుకే భూతం అన్నాను. భూతం అన్నాక వాటా పెట్టకపోతే ఎవరు నమ్ముతారు? వాటా ఏం పెట్టాలి అని వాళ్ళే అడిగేరు. నూనె అన్నాను."

నవ్వొచ్చిందండీ నాకు. ఏం చెయ్యను, ఆ మసి మొహం, ఆ గోచీ, ఆ నిజాయితీ! కానీ తలుపులమ్మ గుర్తొచ్చి నవ్వు మింగేసేను.

"నీ ఇనుముకి ఎండా వానా తగలకూడదు. బాగుంది. నా కూతురు మాత్రం వరద నీళ్ళలో పడి కనాలా? అది నీ చేతుల్లో పెరిగిన పిల్ల కాదూ? కట్టు తియ్యి బావా. నీ ఇంజను మీద ఎవరూ చెయ్యెయ్యకుండా నేను చూసుకుంటాను. కత్తి ఉందిగా."

ఆయన తల వంచుకున్నాడు. "అది కాదే. కట్టు ఊరికే తీస్తే, ఎందుకు తీసేవు, భూతం ఏమైంది అని అడుగుతారు. నిజం చెప్పాలి. నిజం చెబితే, మరి లోవరాజుని ఎందుకు వెలేసేవు అని మీ అక్క అడుగుతుంది."

లోవరాజు ఆయన కొడుకు. ఒక్కడే కొడుకు. మీసాలు మొలిచే వయసులో ఇంజను కొట్టు గడప దాటేడని నలుగురి ముందూ నిలబెట్టి, కన్నకొడుకైనా సరే కట్టు కట్టే అని ఈ ముసలయ్యే వెలేసేడు. పిల్లవాడు ఆ సాయంత్రమే పడవెక్కి పోయేడు. ఎంత ధర్మం తప్పని మనిషో అని పేటంతా మా బావని నెత్తిన పెట్టుకుంది. మా అక్క ఆనాటి నుంచి జాతరకి కొత్తచీర కట్టలేదు.

"వాడు లోపలికొచ్చి నన్ను చూసేసేడే," అన్నాడు బావ. "నేను ఇదిగో, ఇక్కడే నూనె రాస్తున్నాను. చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేడు. బయట వాణ్ణెవరో పట్టుకుని పెద్దల ముందుకి లాక్కొచ్చేరు. లోపల ఏం చూసేవురా అని నేనే అడిగేను. చెప్పేస్తాడు, నా పని అయిపోయింది అనుకున్నాను. వాడు నా మొహంలోకి చూసి, ఏమీ చూళ్ళేదు నాన్నా అన్నాడు. అప్పుడు నేను వెలి వేసేను. ఈ నోటితోనే."

గోతి అంచున ఆయన పక్కనే కూలబడ్డాను. తిడదామంటే తిట్లు రాలేదు, ఓదారుద్దామంటే మనసు రాలేదు. ఇనుము కోసం పిల్లవాణ్ణి పోగొట్టుకున్నవాణ్ణి ఏమంటాం?

"మీ అక్కకి చెప్పకే," అన్నాడు. "గంగమ్మ కలలో కనబడి భూతాన్ని తీసుకుపోయిందని రేపు చెబుతాను. కట్టు తీసేస్తాను. పేటంతా ఇందులోకి వచ్చెయ్యండి. తలుపులమ్మకి ఈ పొయ్యి పక్కనే వెచ్చగా చోటిద్దాం. నువ్వు నోరు మూసుకుంటే చాలు."

చూసేరా ఇరకాటం! ఒక అబద్ధానికి నేను తలూపితే నా కూతురికి గట్టి నేల, గట్టి కప్పు. ఊపేద్దామనే అనిపించింది. నిజంగానే నోరు తెరిచేను, సరే బావా అందామని.

"ఆ కలేదో ఇప్పుడే వచ్చిందని చెప్పరాదూ? రేపటిదాకా ఎందుకు?"

గుమ్మంలో మా అక్క చిట్టెమ్మ. నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నా వెనకాలే వచ్చిందట, ఎప్పటి నుంచి వింటోందో. బావ గబుక్కున లేవబోయి నూనె మీద కాలు జారి మళ్ళీ కూచున్నాడు.

"లేవకులే," అంది అక్క. "నాకు తెలియదనుకున్నావా? ఇన్నేళ్ళూ నీ పంచెలు ఉతికింది ఎవరనుకున్నావు? నీ పంచె ముంచితే గోదారి మీద చేప నూనె తేలేది, దాంతో పాటు నల్లటి మసి. చేపకి మసి ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా? మొదటి ఏడే తెలుసు నాకు."

"తెలిసీ నన్నేం అనలేదే, చిట్టీ?"

"నీ సంతోషం అదొక్కటే కదా, పోనీలే అనుకున్నాను. అదే నా తప్పు. పిల్లవాడి దాకా వస్తుందనుకోలేదు. ఆ రోజు నేనే నలుగురిలో అడిగేద్దామనుకుంటే, వాడు నా చెయ్యి పట్టుకుని వద్దమ్మా, నాన్న పరువు పోతుంది అన్నాడు." అక్క కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "వాడెక్కడున్నాడో కూడా నాకు తెలుసు. నిడదవోలులో రైలు ఇంజన్లు బాగుచేసే చోట ఫిట్టరు. కాలవ పడవలవాళ్ళతో నెలనెలా ఎండుచేపలు పంపిస్తూనే ఉన్నాను. నీ కొడుకే గదా, ఇనుము వాసన పడనిదే వాడికీ ముద్ద దిగదు."

ఆ మాటకి మా బావ మొహం చూడాలండీ. వెయ్యి ముంతల నూనె పోసినా ఆ మెరుపు రాదు. "ఫిట్టరా? మనవాడా? రైలింజన్లకా?" అని అడిగిందే అడిగేడు.

"పదిహేను రోజుల కిందట కబురు పెట్టేను, వరదలొస్తున్నాయి, ఒక్కసారి రారా అని. వచ్చేడు. రేవులో పడవలో ఉన్నాడు. వెలి ఉన్నవాడు పేటలో అడుగుపెట్టడు కదా. వేసింది నువ్వు. తీసేదీ నువ్వే."

వెలి తీసే పద్ధతి మాలో ఒక్కటే. వేసిన పెద్దే రేవులోకి ఎదురెళ్ళాలి. పేరు పెట్టి పిలవాలి. ఎందుకు పిలుస్తున్నాడో పేటంతా వినేట్టు చెప్పాలి. చెప్పి, అతని దోసిట్లో గోదారి నీళ్ళు తాగాలి. మధ్యలో అబద్ధమాడితే ఆ నీళ్ళు ఒంటబట్టవని మా నమ్మకం. గంగమ్మ కలలు అక్కడ చెల్లవు.

మా బావ నూనె గుడ్డ మడిచి చక్రం మీద పెట్టేడు. పంచె కట్టుకున్నాడు. "పదండి," అన్నాడు.

మేం ముగ్గురం ఆ గుమ్మంలోంచి బయటికి రావడం చూసి, వలలు ఆరేస్తున్నవాళ్ళు వలలు వదిలేసేరు. వెనకాలే రేవుకి వచ్చేసేరు. తలుపులమ్మ కూడా పొట్ట పట్టుకుని గట్టు మీద నిలబడింది. రేవులో పడవ. అందులో ఖాకీ చొక్కా వేసుకున్న మగవాడు, అచ్చం వాళ్ళ నాన్న భుజాలే. మా బావ మోకాల్లోతు నీళ్ళలోకి దిగేడు.

"లోవరాజూ!"

ఆ పిలుపు అన్నేళ్ళు లోపల దాచుకున్నదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. తర్వాత ఆయన మా అందరి వైపూ తిరిగి, ఏమీ దాచకుండా చెప్పేడు. భూతం లేదు. నూనె తీసుకున్నది నేనే. నా కొడుకు నన్ను చూసి కూడా నా పరువు కాపాడేడు, నేను వాడి బతుకు తీసేను. తప్పు వాడిది కాదు, నాది. మీరేం శిక్ష వేసినా తల వంచుతాను. ఇంజను కొట్టు మీద కట్టు ఈ క్షణం నుంచి లేదు.

ముందుగా నోరు విప్పింది మా పేటలో అందరికంటే పెద్దది, సుబ్బాయమ్మ. "ఓరి నీ భూతం కూలా! నా మొగుడు తలకి రాసుకుందామన్నా ఇవ్వకుండా నీకు పోసేను కదరా నూనె! ఆయన బట్టతలతోనే పోయేడు!"

ఒకడు నవ్వేడు. ఇంకొకడు నవ్వేడు. అంతే, రేవు రేవంతా పొర్లి పొర్లి నవ్వు. కోపం ఉన్నవాళ్ళు లేకపోలేదు గాని, ఆ నవ్వులో వాళ్ళది ఎవరికీ వినబడలేదు. లోవరాజు పడవ దిగి నీళ్ళు దోసిట్లో పట్టేడు. మా బావ వంగి, చుక్క మిగల్చకుండా తాగేడు. అక్క అక్కడే నీళ్ళలో కూలబడి కొడుకు కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చేను, ఎందుకబద్ధం? కడుపు నిండిన ఏడుపది. అప్పుడే నలుగురైదుగురు చాపలూ కుండలూ నెత్తిన పెట్టుకుని ఇంజను కొట్టు మెట్లెక్కడం మొదలెట్టేరు. తలుపులమ్మ నా వంక చూసి నవ్వింది. ఇహ నా బిడ్డకి భయం లేదు అనుకున్నాను.

"రారా అయ్యా," అంటున్నాడు బావ, కొడుకు చెయ్యి వదలకుండా. "నువ్వు చూడాలి. ఫిట్టరువి కదా, నువ్వే చెప్పాలి. మర ఒక్కటి కూడా బిగుసుకుపోలేదు. కట్టెలుంటే ఇవాళైనా తిరుగుతుంది."

లోవరాజు కదల్లేదు. తండ్రి చేతిలోంచి మెల్లిగా తన చెయ్యి తీసుకున్నాడు.

"నాన్నా, అమ్మ కబురు రాకపోయినా నేను ఇవాళ ఇక్కడికి రావలసినవాణ్ణే. ఆ ఇంజను అమ్ముడైపోయింది. వంతెన పనులు పట్టిన కాంట్రాక్టరు ఒకడు ఆ తోటల దొర దగ్గర కొన్నాడు. వెనక రెండు పడవల్లో మనుషులొస్తున్నారు, పొద్దుగూకేలోగా దిగుతారు."

"ఎందుకు?" అన్నాడు మా బావ. అర్థమయ్యే అడిగేడు.

"విప్పడానికి."

"ఇంజను ఒక్కటేనా?" అన్నాను నేను.

లోవరాజు మెట్లెక్కుతున్న చాపల వంక, కుండల వంక, గట్టు మీది తలుపులమ్మ వంక చూసేడు.

"కప్పు రేకులూ దూలాలూ కూడా, పిన్నీ. విప్పించడానికి పెట్టిన మేస్త్రీని నేనే."